బిడియపడవలసిన జబ్బు కాదు

పెద్దవారి మూత్రబాధ: కత్తి నుంచి కాంతి దాకా

మన ఇళ్లలో అరవై దాటిన మగవారు చెప్పుకొనే జబ్బులు కొన్ని, చెప్పుకోనివి కొన్ని. కీళ్లనొప్పులు చెప్పుకొంటారు. రక్తపుపోటు చెప్పుకొంటారు. కంటిలో శుక్లం వచ్చిందని అరుగుమీద కూర్చొని పదిమందికీ చెప్పుకొంటారు. కాని రాత్రి నాలుగుసార్లు లేచి ఒంటికి వెళ్లవలసి వస్తున్నదనీ, వెళ్లినా ధార సరిగా రావడం లేదనీ మాత్రం ఎవరికీ చెప్పరు. “ఏమండీ, రాత్రి అన్నిసార్లు లేచారేం?” అని ఇల్లాలు అడిగితే, “మంచినీళ్లు ఎక్కువ తాగానులే” అని మాట దాటవేస్తారు. కొడుకుకు చెప్పాలంటే మొహమాటం. కోడలి ముందు ఆ ప్రస్తావనే రాకూడదు.

ఇక అక్కడినుంచి జీవితం కొంచెం కొంచెంగా కుదించుకుపోతుంది. బస్సు ప్రయాణమంటే భయం. తిరుపతి వెళ్లి క్యూలో గంటలకొద్దీ నిలబడాలంటే భయం. స్వగ్రామంలో మేనకోడలి పెళ్లి అంటే, “మీరు వెళ్లిరండి, నేను ఇల్లు చూసుకొంటాను” అంటారు. సాయంత్రమైతే గుక్కెడు నీళ్లు తాగడం కూడ మానేస్తారు. ఇంట్లోవారు, పాపం, పెద్దాయనకు విసుగు ఎక్కువైందనుకొంటారు. లోగుట్టు పెరుమాళ్లకే ఎరుక!

ఈ బాధకు సర్వసాధారణమైన కారణం ప్రోస్టేటు అనే గ్రంథి పెరగడం. దానిని గురించి ముఖ్యంగా రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. దీనిని దాచుకోవడం వల్ల కలిగే నష్టం, జబ్బు వల్ల కలిగే నష్టం కంటె పెద్దదన్నది మొదటి మాట. నేడు పేపర్లలోను గోడలమీదను కనిపించే “లేజరు” అన్న మాట చూచి మురిసిపోవలసిన పని గాని, జడుసుకోవలసిన పని గాని లేదన్నది రెండవ మాట.

గ్రంథి ఎక్కడ ఉన్నది?

మూత్రపిండాలు రెండూ రక్తాన్ని వడగట్టి మూత్రాన్ని తయారుచేస్తాయి. అది మూత్రాశయమనే సంచిలో నిలవ ఉంటుంది. ఆ సంచి మూతికి సరిగా కింద, మూత్రనాళం చుట్టూ, చేతి కడియం మాదిరిగా ప్రోస్టేటు గ్రంథి ఉంటుంది. ఇది మగవారికి మాత్రమే ఉండే అవయవం. వీర్యంలోని ద్రవభాగం కొంత ఇక్కడే ఊరుతుంది. యౌవనంలో దీని పరిమాణం అక్రోటుకాయంత. తూకం సుమారు 20 గ్రాములు.

నలభై దాటిన తర్వాత ఈ గ్రంథి లోపలి భాగం మెల్లగా పెరగడం మొదలుపెడుతుంది. తల నెరిసినట్లే ఇదీ వయసుతో వచ్చే మార్పు. 60 ఏళ్ల వయసువారి గ్రంథులను సూక్ష్మదర్శినికింద పరీక్షిస్తే ఇంచుమించు సగంమందిలో ఈ పెరుగుదల కనిపిస్తుంది. 85 ఏళ్లవారిలోనైతే పదింట తొమ్మిదిమందికి ఉంటుంది. అందరికీ బాధ ఉండదు. బయటికి పెరిగితే ఇబ్బంది లేదు. లోపలికి పెరిగి మధ్యనున్న నాళాన్ని నొక్కితేనే చిక్కు. అందువల్లనే గ్రంథి పెద్దదై కూడ సుఖంగా ఉన్నవారున్నారు. కొంచెమే పెరిగినా నానా అవస్థా పడేవారున్నారు.

ఇక్కడ ఒక భయం తీర్చుకోవాలి. ఈ పెరుగుదల క్యాన్సరు కాదు. ముదిరి క్యాన్సరుగా మారేదీ కాదు. అయితే అదే గ్రంథిలో క్యాన్సరు వేరుగా రావచ్చు, రెండూ ఒకే మనిషికి ఉండనూవచ్చు. గనుక పరీక్ష మాత్రం తప్పదు.

ఓర్చుకొంటే ఏమవుతుంది?

దారి ఇరుకైనకొద్దీ మూత్రాశయం ఎక్కువ బలంతో నెట్టవలసి వస్తుంది. కొంతకాలం దాని గోడలు బలిసి నెట్టుకొస్తాయి. తర్వాత అలసిపోతాయి. అప్పటినుంచి ఎన్నిసార్లు వెళ్లినా కొంత మూత్రం లోపలే మిగులుతుంది. నిలవ నీటికి పాచి పట్టినట్లే దానికీ చీము పడుతుంది, రాళ్లు కడతాయి. ఒక్కొక్కప్పుడు రక్తం కనిపిస్తుంది.

ఏదో ఒక రాత్రి, జలుబుకని కొన్న మాత్ర వేసుకొన్నందువల్లనో, ప్రయాణంలో చాలసేపు ఆపుకొన్నందువల్లనో, మూత్రం పూర్తిగా బిగుసుకుపోతుంది. మన పెద్దలు దీనినే నీరుకట్టు అన్నారు. పొత్తికడుపు రాయిలా అయి, మనిషి నిలువలేడు, కూర్చోలేడు. ఆసుపత్రిలో కెథీటరనే గొట్టం వేసి మూత్రం తీయగానే ప్రాణం లేచివస్తుంది. నీరుకట్టు పడితే తెల్లవారేదాకా చూడకూడదు. ఆ క్షణమే దగ్గరున్న ఆసుపత్రికి వెళ్లాలి.

అంతకంటె మోసమైనది మరొకటి ఉన్నది. కొందరికి నొప్పి తెలియకుండానే సంచి నెలల తరబడి నిండి ఉంటుంది. నిండిన కుండ పొర్లినట్లు, నిద్రలో మూత్రం దానంతటదే కారి పక్క తడుస్తుంది. ఇంట్లోవారు దుప్పట్లు మారుస్తూ, “ముసలితనం, ఏం చేస్తాం” అనుకొంటారు. ఆయన సిగ్గుతో చచ్చిపోతుంటాడు. నిజానికి ఆ తడిసిన పక్క ముసలితనానికి గుర్తు కాదు. సంచి పొంగి, వెనుకనున్న మూత్రపిండాలమీద ఒత్తిడి పడుతున్నదనడానికి గుర్తు కావచ్చు. అలాగే వదిలేస్తే మూత్రపిండాలు చెడిపోతాయి. పెద్దవారు కొత్తగా పక్క తడుపుతున్నారంటే విసుక్కోవడం కాదు, ఆ వారంలోనే వైద్యునికి చూపించాలి.

ఏడు ప్రశ్నలు

వైద్యుని ముందుకు వెళ్లిన తర్వాత కూడ, ఏమని చెప్పాలో తెలియక “ఒంట్లో బాగుండలేదండీ” అని ఊరుకొనేవారున్నారు. ఈ ఇబ్బంది తీర్చడానికి 1992లో అమెరికా మూత్రవ్యాధి నిపుణులు ఒక ప్రశ్నావళి తయారుచేశారు. దానినే నేడు ప్రపంచమంతటా వాడుతున్నారు. అందులోని ఏడు ప్రశ్నల సారాంశం ఇది: వెళ్లివచ్చిన తర్వాత ఇంకా మిగిలినట్లు అనిపిస్తున్నదా? రెండు గంటలు కాకముందే మళ్లీ వెళ్లవలసి వస్తున్నదా? ధార ఆగి ఆగి వస్తున్నదా? వచ్చిందంటే ఆపుకోవడం కష్టమవుతున్నదా? ధార సన్నబడిందా? మొదలుపెట్టడానికి ముక్కవలసి వస్తున్నదా? పడుకొన్న తర్వాత ఎన్నిసార్లు లేస్తున్నారు?

ఒక్కొక్కదానికి సున్న నుంచి 5 దాకా మార్కులు, మొత్తం 35. 7 లోపైతే బాధ స్వల్పం. 8 నుంచి 19 దాకా మధ్యరకం. 20 దాటితే తీవ్రం. ఆపైన “జీవితాంతం ఇలాగే ఉండవలసి వస్తే మీకెలా ఉంటుంది?” అని ఎనిమిదో ప్రశ్న కూడ ఒకటి ఉన్నది. చాలమంది పెద్దమనుషులు మొదటి ఏడింటికీ తడుముకొంటూ జవాబు చెప్పి, ఈ ఎనిమిదోదాని దగ్గర మాత్రం తడుముకోరు.

ఆ తర్వాత మూత్రపరీక్ష, రక్తపరీక్ష, స్కానింగు చేస్తారు. వెళ్లివచ్చాక సంచిలో ఎంత మిగిలిందో స్కానింగులో తెలుస్తుంది. ధార వేగం కొలిచే యంత్రం ఉన్నది. సెకనుకు 15 మిల్లీలీటర్లు దాటితే సాధారణంగా బాగున్నట్లే, 10కి లోపైతే అడ్డు ఉన్నదేమోనని అనుమానం. చేతికి తొడుగు వేసుకొని ఆసనం ద్వారా వేలితో గ్రంథిని తడిమి చూడడం మరొక పరీక్ష. దీనికే పెద్దవారు ఎక్కువగా వెనుకాడతారు. అర నిమిషం పని; గ్రంథి మెత్తగా ఉన్నదా, గట్టి గడ్డ ఏమైనా తగులుతున్నదా అన్నది ఆ వేలికి తెలుస్తుంది.

పి.ఎస్.ఏ. అనే రక్తపరీక్ష ఒకటి ఉన్నది. ఆ అంకె ఎక్కువగా వచ్చిందని గుండె బాదుకోవలసిన పని లేదు. గ్రంథి పెరిగినా, మూత్రంలో చీము ఉన్నా కూడ అది పెరుగుతుంది. క్యాన్సరు ఉన్నదో లేదో తేల్చడానికి వేరే పరీక్షలున్నాయి.

మాటిమాటికీ ఒంటికి వెళ్లడానికి మధుమేహం కారణం కావచ్చు, గుండెజబ్బుకు వాడే నీటిమాత్రలు కారణం కావచ్చు, నరాల జబ్బు కావచ్చు. అందుకే పక్కింటాయనకు గుణమిచ్చిన మందు తెచ్చుకొని మింగడం ప్రమాదం.

మందులు

అందరికీ ఆపరేషను అక్కరలేదు. బాధ స్వల్పమైతే కొన్ని అలవాట్లు మార్చుకొంటే చాలు: రాత్రిపూట కాఫీ, టీ మానడం, పడుకొనే ముందు రెండు గంటలు నీళ్లు తగ్గించి ఆ లోటు పగటిపూట పూడ్చుకోవడం, మలబద్ధం లేకుండా చూసుకోవడం.

మందులలో ముఖ్యమైనవి రెండు జాతులు. టామ్సులోసిన్ వంటివి ఒక జాతి. ఇవి గ్రంథిని తగ్గించవు. సంచి మూతి దగ్గరి కండరాల బిగువు సడలిస్తాయి. కొద్ది రోజులలోనే గుణం తెలుస్తుంది. కాని గబుక్కున లేచి నిలబడితే కళ్లు తిరగవచ్చు. మరొక ముఖ్యమైన సంగతి: ఈ మందు వాడుతున్నవారు, ఎప్పుడో వాడి మానివేసినవారు కూడ, శుక్లం ఆపరేషనుకు వెళ్లినప్పుడు కంటి డాక్టరుకు ఆ మాట ముందుగా చెప్పి తీరాలి. ఇది కంటిపాపను సడలించి ఆపరేషనులో చిక్కు తెస్తుందని 2005లో వైద్యులు కనిపెట్టారు. రెండు జబ్బులూ ఒకే వయసులో వస్తాయి గనుక ఇది మరువరాని మాట.

రెండవ జాతి ఫినాస్టెరైడ్ వంటివి. వీటి వెనుక చక్కని కథ ఉన్నది. డొమినికన్ రిపబ్లిక్ దేశంలోని కొన్ని పల్లె కుటుంబాలలో పుట్టుకతోనే ఒక హార్మోను లోపం ఉన్నదని 1974లో జూలియన్ ఇంపెరాటో మెక్‌గిన్లీ అనే వైద్యురాలు, ఆమె సహచరులు ప్రకటించారు. ఆ లోపమున్న మగవారికి ప్రోస్టేటు చిన్నదిగానే ఉండిపోతుంది. ఆ హార్మోనును మందుతో తగ్గిస్తే పెరిగిన గ్రంథి కుంచించుకుపోతుంది కద అన్న ఆలోచన అక్కడినుంచి పుట్టింది. 1992లో ఆ మందు అమెరికాలో వాడుకలోకి వచ్చింది. ఇది గ్రంథిని సుమారు నాలుగో వంతు తగ్గిస్తుంది గాని, గుణం తెలియడానికి ఆరు నెలలు పడుతుంది. ఓపిక కావాలి. పి.ఎస్.ఏ. అంకెను ఇది సగానికి తగ్గిస్తుంది గనుక, ఆ పరీక్ష చేయించేటప్పుడు మందు సంగతి చెప్పాలి.

పొట్ట కోసిన రోజులు

ఈ బాధ కొత్తది కాదు. సుశ్రుతుడు మూత్రం బిగుసుకొనే జబ్బులను 12 రకాలుగా విభజించాడు. అందులో వాతాష్ఠీల అన్నది, ఆసనానికీ మూత్రాశయానికీ నడుమ రాయివంటి గడ్డ లేచి మూత్రాన్ని అడ్డగించేది. వర్ణన చదివితే ప్రోస్టేటే గుర్తుకు వస్తుంది.

కాని ఆ గడ్డను తీసివేసే ధైర్యం వైద్యలోకానికి 19వ శతాబ్దం చివరిదాకా రాలేదు. అంతవరకు వెండిగొట్టమే గతి. న్యూయార్కులో యూజీన్ ఫుల్లర్ 1894లో పొత్తికడుపు కోసి గ్రంథిని తీశాడు. దానికి ప్రచారం తెచ్చినవాడు పీటర్ ఫ్రేయర్. ఈయన ఐర్లండు దేశస్థుడు. 1875లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, ఇరవై ఏళ్లు ఉత్తరహిందూస్థానంలో పనిచేసి, మూత్రాశయంలోని రాళ్లు తీయడంలో చేయి తిరిగినవాడు. లండను తిరిగి వెళ్లిన తర్వాత 1900లో మొదటి ప్రోస్టేటు ఆపరేషను చేశాడు.

కమలాపండు ఒలిచినప్పుడు తొక్క వదిలి తొనలు ఎలా ఊడివస్తాయో, అలాగే పెరిగిన భాగం పైపొరను వదిలి ఊడివస్తుంది. ఫ్రేయరు పొట్టకింద కోసి, సంచిలోనుంచి వేలు పోనిచ్చి, ఆ తొనలను ఒలిచి తీసేవాడు. 1945లో టెరెన్స్ మిల్లిన్ అనే మరొక ఐర్లండు వైద్యుడు, సంచిని కోయకుండ సూటిగా గ్రంథినే కోసి తీసే పద్ధతి ప్రకటించాడు. ఇవి మంచి ఆపరేషనులే. చాల పెద్ద గ్రంథులకు నేటికీ చేస్తున్నారు. అయితే పొట్టమీద గాయం, రక్తనష్టం, ఎక్కువ రోజులు మంచాన ఉండడం తప్పవు.

కొబ్బరి కోరినట్లు

పొట్ట కోయకుండ, మూత్రం వచ్చే దారినే లోపలికి వెళ్లి ఆ అడ్డు తీయలేమా అని మరి కొందరు ఆలోచించారు. అందుకు లోపలికి చూచే కన్ను కావాలి, నీటిలో పనిచేసే కత్తి కావాలి. 1870ల చివర జర్మనీలో మాక్సిమిలియన్ నీట్జె దీపమున్న గొట్టం ఒకటి తయారుచేసి మూత్రాశయాన్ని లోపలినుంచి చూపించాడు. 1926లో న్యూయార్కులో మాక్సిమిలియన్ స్టెర్న్ దానికి విద్యుత్తుతో కోసే తీగ అమర్చాడు. 1930ల మొదట్లో జోసెఫ్ మెకార్తీ దానిని ఇంకా పనికివచ్చేటట్లు చేశాడు. 1960 ప్రాంతాలలో ఇంగ్లండులోని హెరాల్డ్ హాప్కిన్స్ కొత్తరకం గాజుకడ్డీల కటకాలు కనిపెట్టడంతో లోపలి దృశ్యం తేటగా కనిపించసాగింది.

ఇదే టి.యు.ఆర్.పి. అనే ఆపరేషను. నడుముకు మత్తుమందు ఇస్తారు. మూత్రద్వారం గుండా సన్నని గొట్టం పంపి, కొసనున్న తీగచుట్టతో, చిప్పలోనుంచి కొబ్బరి కోరినట్లు గ్రంథిని లోపలినుంచి చిన్న చిన్న ముక్కలుగా కోరి, ముక్కలను కడిగి తీస్తారు. చిప్ప అలాగే ఉంటుంది. బయట ఒక్క కుట్టు ఉండదు. ఆపరేషను గంట, గంటన్నర పడుతుంది. రెండు మూడు రోజులు గొట్టం ఉంటుంది. దశాబ్దాల తరబడి మిగిలిన పద్ధతులన్నిటినీ దీనితోనే పోల్చి చూచారు. మధ్యరకం గ్రంథులకు నేటికీ ఇది నమ్మకమైన చికిత్స.

దీనికి ఉన్న లోపం ఒకటి: కోరుతున్నంతసేపూ లోపల నీరు ప్రవహించాలి. పూర్వం వాడిన ద్రవంలో ఉప్పు ఉండేది కాదు. ఆపరేషను ఆలస్యమైతే ఆ ద్రవం రక్తంలో కలిసి, ఒంట్లోని ఉప్పు పలచబడి, మనిషి తికమకపడేవాడు. ఇప్పుడు బైపోలార్ అనే కొత్తరకం విద్యుత్తు తీగతో ఉప్పునీటిలోనే పని జరుగుతుంది గనుక ఆ ప్రమాదం తప్పింది.

లేజరు ఏం చేస్తుంది?

1960లో అమెరికాలో థియొడోర్ మైమన్ కెంపుకడ్డీతో మొదటి లేజరు వెలిగించాడు. చెదిరిపోకుండ ఒకే వన్నెతో ఒకే దిక్కుకు పోయే కాంతి అది. వెంట్రుకవంటి గాజునూలు గుండా దానిని శరీరం లోపలికి పంపవచ్చు. 1990లలో వైద్యులు దానిని ప్రోస్టేటుమీద ప్రయోగించసాగారు.

అందులో ముఖ్యమైనవి రెండు దారులు. ఒకటి, గ్రంథిని ఆవిరి చేయడం. దీనికి వాడే ఆకుపచ్చని కాంతిని రక్తంలోని ఎర్రదనం పీల్చుకొంటుంది. కణజాలం ఆవిరవుతుంది, రక్తనాళాలు అక్కడికక్కడే మూసుకొంటాయి. అందుచేత గుండెజబ్బుకు రక్తం పలచబడే మందులు వాడేవారికి ఇది అనుకూలం. అయితే అంతా ఆవిరైపోతుంది గనుక పరీక్షకు పంపడానికి ముక్క మిగలదు.

రెండవది, గ్రంథిని ఒలవడం. హోల్మియం అనే లోహం సాయంతో పుట్టే లేజరును మొదట మూత్రపు రాళ్లు పగలగొట్టడానికి వాడేవారు. 1990ల రెండవ సగంలో న్యూజీలండులోని టౌరంగా పట్టణంలో పీటర్ గిల్లింగ్ బృందం దీనితో పెరిగిన భాగాన్ని పైపొరనుంచి మొత్తంగా ఒలిచే పద్ధతి తీర్చిదిద్దారు. దీనిని హోలెప్ అంటారు. ఊడివచ్చిన తొనలను మూత్రాశయంలోకి నెట్టి, అక్కడ మరొక పరికరంతో తరిగి, పీల్చి బయటికి తీస్తారు. చూడండి, ఫ్రేయరు 1900లో వేలితో చేసిన పనినే ఇది పొట్ట కోయకుండ కాంతితో చేస్తున్నది! ఎంత పెద్ద గ్రంథికైనా పనికివస్తుంది, రక్తనష్టం తక్కువ, గొట్టం త్వరగా తీసివేస్తారు, తీసిన ముక్కలను క్యాన్సరు పరీక్షకు పంపవచ్చు. థూలియం అనే మరొక లోహపు లేజరుతో కూడ ఇప్పుడు ఇదే పని చేస్తున్నారు.

దీనిలో చిక్కు యంత్రంలో లేదు, చేతిలో ఉన్నది. హోలెప్ నేర్చుకోవడానికి చాల ఆపరేషనులు చేసి చేయి తిరగాలి. ఆపరేషను తర్వాత కొందరికి కొన్ని వారాలు దగ్గినా తుమ్మినా చుక్కలు పడతాయి. చాలమందికి అది క్రమంగా తగ్గిపోతుంది.

ఎవరికి ఏది?

“లేజరు మంచిదా, మామూలు ఆపరేషను మంచిదా?” అని అడగడం, “రైలు మంచిదా, పడవ మంచిదా?” అన్నట్లుంటుంది. ఎక్కడికి వెళ్లాలో దానినిబట్టి ఉంటుంది. గ్రంథి చిన్నదో మధ్యరకమో అయితే తీగతో కోరినా, లేజరు వాడినా ధార బాగుపడడంలో పెద్ద తేడా లేదు. గ్రంథి 80, 100 గ్రాములు దాటితే ఒలిచే పద్ధతి మేలు. రక్తం పలచబడే మందులు మానడానికి వీలులేనివారికి లేజరు మేలు.

కనుక డాక్టరును అడగవలసిన ప్రశ్నలు ఇవి: నా గ్రంథి ఎన్ని గ్రాములు? నా మూత్రాశయం బలం ఎలా ఉన్నది? నాకు ఏ పద్ధతి, ఎందుకు? ఆ పద్ధతిలో మీరు ఎన్ని చేశారు? తీసిన ముక్కను పరీక్షకు పంపుతారా? ఇలా అడగడం అమర్యాద కాదు. మంచి వైద్యుడు సంతోషించి జవాబు చెబుతాడు.

మాటిమాటికీ నీరుకట్టు పడడం, మూత్రపిండాలు దెబ్బతినడం, సంచిలో రాళ్లు, మళ్లీ మళ్లీ చీము, రక్తం, మందులకు లొంగని బాధ: ఇవి ఉంటే ఆపరేషను వాయిదా వేయకూడదు. ఎంతకాలం ఆలస్యం చేస్తే సంచి అంత నీరసిస్తుంది. అడ్డు తీసిన తర్వాత కూడ నెట్టే బలం లేకపోతే ఏ లేజరూ ఏమీ చేయలేదు. గోటితో పోయేదానిని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే.

మగవారు పైకి అడగలేని ప్రశ్న ఇంకొకటి ఉన్నది. ఈ ఆపరేషనుల తర్వాత దాంపత్య సామర్థ్యం సాధారణంగా పోదు. కాని వీర్యం బయటికి రాక వెనుకకు, సంచిలోకి వెళ్లడం చాలమందిలో జరుగుతుంది. అది మూత్రంతో పోతుంది, హాని లేదు. ఇంకా సంతానం కావాలనుకొనేవారు మాత్రం ముందుగానే డాక్టరుతో ఆ మాట చెప్పాలి.

ఇంటికి వచ్చిన తర్వాత నీళ్లు బాగా తాగాలి. నాలుగైదు వారాలు బరువులు ఎత్తకూడదు, స్కూటరు నడపకూడదు, మలబద్ధం రానీయకూడదు. పది పదిహేను రోజులకు లోపలి పక్కు ఊడి మూత్రం ఎర్రగా రావచ్చు. నీళ్లు తాగితే తేటపడుతుంది. గడ్డలు పడినా, మూత్రం ఆగినా, చలిజ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. తొక్క లోపలే ఉన్నది గనుక, మునుముందు పి.ఎస్.ఏ. పరీక్ష అక్కరలేదనుకోకూడదు.

దాచినవారు, చెప్పినవారు

దాచుకోవడం మనవారికే ఉన్న గుణం కాదు. 1963 అక్టోబరులో బ్రిటిషు ప్రధాని హెరాల్డ్ మాక్మిలన్‌కు అకస్మాత్తుగా ఈ బాధ ముదిరి ఆపరేషను చేశారు. ఆ నెలలోనే ఆయన పదవికి రాజీనామా ఇచ్చారు. తీసినది క్యాన్సరు కాదు, మామూలు పెరుగుదలే. ఆయన ఆ తర్వాత 23 ఏళ్లు బ్రతికి, 1986లో 92వ ఏట కన్నుమూశారు. 1964 ఏప్రిలులో ఫ్రాన్సు అధ్యక్షుడు డి గాల్‌కు ఇదే ఆపరేషను జరిగింది. ముందుగా ఆ మాట దేశానికి తెలియనీయలేదు.

అరవై ఏళ్ల తర్వాత, 2024 జనవరిలో బ్రిటిషు రాజు మూడవ చార్లెస్ తనకు ప్రోస్టేటు పెరిగిందనీ, చికిత్సకు వెళుతున్నాననీ ముందుగానే లోకానికి ప్రకటింపజేశారు. తన తోటి మగవారు కూడ పరీక్ష చేయించుకోవాలన్నదే ఉద్దేశం. దాని ఫలితమా అన్నట్లు ఆ దేశంలో ఈ జబ్బును గురించి తెలుసుకోగోరినవారి సంఖ్య ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగింది. ఆ చికిత్స సమయంలోనే ఆయనకు వేరొకచోట క్యాన్సరు ఉన్నదని కూడ బయటపడింది. రాజు నోరు విప్పితే రాజుకే ముందు మేలు జరిగిందన్నమాట.

ఇంటివారు చేయవలసినది

పరాయిరాష్ట్రాలలో తరతరాలుగా స్థిరపడిన మన ఇళ్లలో ఇంకొక చిక్కు ఉన్నది. బజారులో మాట్లాడే అరవమో, కన్నడమో, ఒడియానో, మరాఠీయో పెద్దవారికి ధారాళంగా వస్తుంది. కాని ఇటువంటి గుట్టు బాధ చెప్పుకోవలసి వచ్చేసరికి ఇంటిభాష తప్ప నోటికి రాదు. ఎదుట డాక్టరు ఇంకొక భాష మాట్లాడతాడు. పక్కన కూతురో కోడలో ఉంటే ఆ నాలుగు మాటలూ గొంతులోనే ఆగిపోతాయి.

దీనికి ఉపాయం సులభం. ఆసుపత్రికి వెళ్లే ముందు మూడు రోజులు, ఎన్ని గంటలకు వెళ్లారో, కొలతగిన్నెతో ఎంత వచ్చిందో, ఒక కాగితం మీద రాసుకోవాలి. పైన చెప్పిన ఏడు ప్రశ్నలకు జవాబులు కూడ అందులోనే వేసుకోవాలి. వాడుతున్న మందులన్నిటి పేర్లు, ముఖ్యంగా గుండెకు, మధుమేహానికి, జలుబుకు వాడేవి, కింద రాయాలి. ఆ కాగితం డాక్టరు చేతికిస్తే సగం సంభాషణ అయిపోయినట్లే. తోడుగా కొడుకో, అల్లుడో, తమ్ముడో, ఈడు స్నేహితుడో వెళితే పెద్దాయనకు నోరు విప్పడం తేలిక.

డబ్బుకు వెనుకాడేవారు కూడ ఉన్నారు. ఆయుష్మాన్ భారత్ పథకాన్ని 2024 అక్టోబరులో 70 ఏళ్లు నిండినవారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండ వర్తింపజేశారు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా చికిత్స దొరుకుతుంది. మీరు వెళ్లే ఆసుపత్రి ఆ జాబితాలో ఉన్నదో లేదో, మీకు చెప్పిన ఆపరేషను అందులోకి వస్తుందో రాదో ముందుగా అడిగి తెలుసుకోవాలి. ప్రభుత్వ వైద్యకళాశాలల ఆసుపత్రులలో ఈ చికిత్స చేసే నిపుణులున్నారు.

ఇల్లాళ్లకు ఒక మనవి. రాత్రి ఎన్నిసార్లు తలుపు చప్పుడైందో ఇంట్లో అందరికంటె మీకే బాగా తెలుసు. ఆయన చెప్పేదాకా ఎదురుచూడకండి. పెద్దలకు ఒక మనవి. పెళ్లికి పిలుపు వస్తే ఇల్లు కాపలా కాస్తానని వంక పెట్టకండి. ఆ పిలుపు వచ్చిన వారంలోనే డాక్టరు దగ్గరకు వెళ్లి, తగిన చికిత్స చేయించుకొని, పెళ్లినాటికి పందిట్లో ముందువరుసలో కూర్చోండి.